మొదట దిగాల్సిన సామాను

నలభై ఏళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించిన నన్ను, చివరికి ఒకాయన వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

మాటవరసకి అనడం లేదు, నా ఉద్యోగమే అది. ఇంటి సామాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే కంపెనీలో లోడింగ్ మేస్త్రిగా చేశాను. బీరువాని ఒక్కసారి కంటితో చూసి అది ఏ తలుపులోంచి దూరుతుందో, ఏ మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంటుందో చెప్పేసేవాణ్ణి. అందుకని కంపెనీలో అందరూ నన్ను టేపు మేస్త్రి అనేవారు. నేను దాన్నొక బిరుదుగా భావించి ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి. వెనకాల ఇంకేమనేవారో తెలుసుకునే ప్రయత్నం ఎప్పుడూ చెయ్యలేదు.

ఇల్లు మారేవాళ్ళు అప్పటికే సగం చచ్చి ఉంటారు కాబట్టి ఎవరేం చెప్పినా వింటారు. ఆ అలుసు చూసుకుని ప్రతి ఇంట్లోనూ ఒక ఉపన్యాసం దంచేవాణ్ణి. మొదటి సగం పారెయ్యడం గురించి. ఏడాదిగా ముట్టుకోని వస్తువు మీది కాదమ్మా, దుమ్ముది అనేవాణ్ణి. రెండో సగం ఎక్కించడం గురించి. మొదట దిగాల్సింది చివర ఎక్కాలి. కొత్తింట్లో కాలు పెట్టిన పూట మనిషికి కావలసినవి మంచం, పొయ్యి, బకెట్టు, రెండు కంచాలు. అవి వ్యాన్లో తలుపు పక్కనే ఉండాలి. షోకేసులూ పాత పెట్టెలూ ఎంత లోపలున్నా ఎవరి ప్రాణమూ పోదు. ఈ సంగతిని నేనేదో తపస్సు చేసి కనిపెట్టినట్టు చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చాక భోజనం దగ్గర అక్కకి కూడా అదే ఏకరువు పెట్టేవాణ్ణి.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. చెప్పిన మాట రెండోసారి చెప్పదు. లైను కలిపేసి పక్క లైనుకి వెళ్ళిపోయే అలవాటు ఇంట్లోనూ పోలేదు. నా భార్య పోయినప్పుడు చిన్న సూట్‌కేసు పట్టుకుని వచ్చి, నాలుగు రోజులుండి వెళ్తానంది. ఆ నాలుగు రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు. నన్ను "ఒరేయ్" అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే మిగిలింది. ఆ పిలుపు వినబడని ఇంట్లో నాకు ముద్ద దిగదు. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతుందని నా భయం.

మా ఇంటాయన పోయాడు. చాలా మంచివాడు, అంటే అద్దె పెంచడం మర్చిపోయేవాడు. ఆయన కొడుకు ఒక ఆదివారం వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, నాన్నగారి గురించి కాసేపు మాట్లాడి, బిల్డింగు కొట్టేస్తున్నామనీ నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలనీ నీళ్ళు నమిలాడు. పాపం, వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. నువ్వేం బాధపడకు బాబూ, ఇల్లు మారడం నాకు మంచినీళ్ళు తాగినంత తేలిక అని వాణ్ణి వీధి చివరిదాకా సాగనంపి వచ్చాను.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "మారడం తేలికే లేరా. ఎక్కడికి?" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ 'ఎక్కడికి' అనేది నా నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ నా శాఖ కాదు. అడ్రసు వాళ్ళే చెప్పేవారు.

కాళ్ళరిగేలా తిరగడం మొదలుపెట్టాం. మొదటి ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పెద్దవాళ్ళకి ఇవ్వరేమోనని ఆ పొద్దున్నే జుట్టుకి రంగేసుకున్నాను. ఇంటాయన మెట్ల కింద నిలబడి, ఈ వయసులో ఎక్కగలరా అని మర్యాదగానే అడిగాడు. అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. బీరువాలు వీపున మోసిన శరీరం ఇది అని చెప్పి, ఆయన కన్నా ముందు పరుగులాంటి నడకతో ఎక్కాను. పైకి చేరేసరికి చుక్కలు కనబడ్డాయి. చెప్పాలనుకున్న మాట నోట్లోంచి రాలేదు గానీ, తలకేసుకున్న రంగు మాత్రం చెమటతో కలిసి చెంపల మీదుగా తెల్ల చొక్కా కాలరు మీదకి దిగింది. వాళ్ళావిడ పరుగున మంచినీళ్ళు తెచ్చింది. ఆయన ఇక నాతో మాట్లాడలేదు. అక్క వెంట తెచ్చుకున్న సామాను నేనన్నట్టు ఆవిడతోనే, ఈయన్ని డాక్టరుకి చూపించారా అని అడిగాడు.

రెండో ఇల్లు కింది అంతస్తు, గాలీ వెలుతురూ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంటావిడ కూడా మెత్తబడింది. అక్కడ టేపు మేస్త్రి నిద్ర లేచాడు. స్నానాల గది తలుపు వెడల్పు కంటితో కొలిచి, ఇందులో ఎవరైనా పడితే స్ట్రెచరు తిరగదండీ అన్నాను. పనిమంతుడిగా ఒక సంగతి చెప్పానంతే. ఇంటావిడ మొహం మాడిపోయింది. వాళ్ళ తమ్ముడు వచ్చేలా ఉన్నాడని అప్పటికప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. బస్సెక్కాక అక్క, "ఈసారి శవాన్ని ఎటునుంచి తియ్యాలో కూడా చూపించు" అని కిటికీ వైపు తిరిగిపోయింది.

మూడో ఆయన ఫోన్లోనే తేల్చేశాడు. ఇద్దరూ పెద్దవాళ్ళే, రేపు ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అన్నాడు. ఏదైనా జరిగితే ఇల్లు ఖాళీ అయినట్టే కదండీ, నోటీసు కూడా ఇవ్వక్కర్లేదు అంది అక్క. నాకు నవ్వాగలేదు. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు.

ఇలాగే నెలాఖరు మీదికొచ్చేసింది. ఒక సాయంత్రం అక్క మడత బల్ల మీద చేతులు పెట్టుకుని నిర్ణయం చెప్పింది. సామాను అద్దె గోడౌన్లో పెడదాం, తను ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్లో ఒక మంచం మాట్లాడుకుంది, నేను మా బావమరిది ఇంటికి వెళ్ళాలి.

"నాలుగు రోజులేగా" అంది.

మా ఇంట్లో నాలుగు రోజులంటే ఎంతో ఇద్దరికీ తెలుసు. నేను పెద్దగా నవ్వి, ఓస్ ఇంతేనా అన్నాను. ఈ వయసులో విడిపోయిన కాపురాలు మళ్ళీ కలవడం నేను చూడలేదు. మాది కాపురం కాదు, అక్కాతమ్ముళ్ళ గొడవ. అయినా భయం అదే భయం.

సర్దుకోవడం మొదలుపెట్టాక నా ఉపన్యాసాలన్నీ నా మీదే తిరగబడ్డాయి. ఊరందరి చేత పారేయించిన నేను ఒక్క మేకు కూడా పారెయ్యలేకపోయాను. లోడింగు తాళ్ళు ఒక పెట్టెడు, తాళాలు ఎప్పుడో పోయిన తాళంచెవులు ఒక డబ్బాడు, కాలు విరిగిన కుర్చీ ఒకటి, పని చెయ్యని గోడగడియారం ఒకటి. ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకోవడం, దుమ్ము దులపడం, పెట్టెలో పెట్టడం. అక్క తరఫున సూట్‌కేసు కాకుండా ఒకే ఒక్క ఎత్తు స్టూలు ఉంది, ఎక్స్ఛేంజి మూసేసినప్పుడు అక్కణ్ణుంచి తెచ్చుకున్నది. దుమ్ముది దుమ్ముకి ఇచ్చేస్తావనుకున్నానే అంది నా పెట్టెల వైపు చూసి. అది కస్టమర్లకి చెప్పే మాట అన్నాను.

పాత కంపెనీ వ్యానూ, నా దగ్గర పని నేర్చుకున్న డ్రైవరూ, ఇద్దరు కూలీలూ వచ్చారు. డ్రైవరుకి కూడా జుట్టు నెరిసింది, అయినా నన్ను గురువుగారూ అనే పిలుస్తాడు. ఆ పిలుపుతో నాకు పూనకం వచ్చింది. నడుముకి తువ్వాలు బిగించి వ్యాను ఎక్కి, ఎప్పటిలాగే తాళ్ళ పెట్టెలూ షోకేసూ ముందు, మంచాలూ పొయ్యీ చివర, వరసలో ఎక్కించాను. వీధిలోవాళ్ళు నిలబడి చూశారు. ఇల్లు పోయినవాడిలా కాదు, ఊరేగింపు బయల్దేరదీసినవాడిలా ఉన్నాను.

గోడౌన్ అంటే వరసగా షట్టర్లు, ప్రతి షట్టరు వెనకా ఒక చీకటి గది. అక్కడి మేనేజరు లావుపాటి ఆవిడ, నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది. గది చూపిస్తూ, నాలుగు రోజులని చెప్పి పెట్టినవాళ్ళే ఎక్కువకాలం ఉంచుతారండీ, కొందరసలు తిరిగే రారు అంది. పెద్దాయన ఒకాయన వారం వారం వచ్చి తన సామాను ముందు కుర్చీ వేసుకు కూర్చుని వెళ్తాడట. పనీపాటా లేనివాడు పాపం అని నవ్వాను.

డ్రైవరు గేటు దగ్గర ఎవరో లారీవాడితో దారి గురించి వాదనలో ఉండిపోయాడు. నేను వ్యాను తలుపు తీయించాను. ఎదురుగా మంచాలే ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టించి, గది వెనక గోడకి నిలబెట్టించాను. వాటి ముందు పొయ్యి, బకెట్లు, కంచాల బుట్ట, మడత బల్ల. ఆ పైన అలా ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వచ్చాను. పని పూర్తయ్యేసరికి చెయ్యి దూరే సందు కూడా లేదు. ఇది చూసి నేర్చుకోవాలి ఎవరైనా అని కూలీలతో అన్నాను. వాళ్ళు నేర్చుకున్నట్టు కనబడలేదు.

అక్క షట్టరు ముందు నిలబడి గదిని పైనుంచి కిందికి చూసింది. ఏదో అనబోయి ఆగింది. అయిందా అని అడిగింది. అయిందన్నాను. షట్టరు దింపించి, తాళం వేసి, తాళంచెవి తన పర్సులో వేసుకుంది.

బావమరిది ఇంట్లో నాకు హాల్లో సోఫా ఇచ్చారు. అది నాకన్నా జానెడు పొట్టి అని గుమ్మంలోంచే కొలిచేశాను, కానీ ఈసారి నోరు మూసుకున్నాను. వాళ్ళు నన్ను బాగా చూసుకున్నారు, అదే వచ్చిన చిక్కు. బావమరిది బావగారూ అంటూ పేపరు ముందు నాకే ఇచ్చేవాడు. వాళ్ళావిడ అన్నయ్యగారూ ఇంకొంచెం వేసుకోండి అనేది. టీవీ చప్పుడు తగ్గించేవారు. నేను లేస్తే అందరూ లేచేవారు. ఇంత మర్యాద మధ్య మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు? నన్ను తిట్టే దిక్కు లేక నీరసపడ్డాను.

రోజూ సాయంత్రం అక్కకి ఫోను చేసేవాణ్ణి. తిన్నావా అంటే తిన్నా అనేది, నువ్వో అనేది, నేనూ తిన్నాననేవాణ్ణి. వెనకాల ఆడపిల్లల నవ్వులు వినబడేవి. పనుంది, ఇస్త్రీ షాపు దాకా వెళ్ళాలి అని పెట్టేసేది. మర్నాడూ ఇస్త్రీ షాపే. ఆ మర్నాడూ అదే. ఈవిడకున్న ఆ నాలుగు చీరలకీ రోజూ ఇస్త్రీ ఏమిటి? హాస్టల్లో కుదురుకుపోయింది, తీరిగ్గా చీరలు మడతలు పెట్టించుకుంటోంది, ఇంక నాతో ఏం పని అనుకున్నాను. అరవై దాటిన మగాణ్ణి, అక్క మీద అలిగి, పొట్టి సోఫా మీద కాళ్ళు బయటకి చాపుకుని పడుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. చెప్పుకుంటే సిగ్గుచేటు.

పగలు కాలక్షేపానికి గోడౌన్‌కి వెళ్ళేవాణ్ణి. లోపలికి చెమ్మ వస్తోందేమో చూడాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తాళంచెవి అక్క దగ్గరుంది కాబట్టి తాళం ఒకసారి లాగి చూసి, కాసేపు నిలబడి, వచ్చేసేవాణ్ణి. రెండు మూడుసార్లు అలా చూశాక మేనేజరావిడ ఏమీ అనకుండా ఒక కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చున్నాను. కూర్చున్నాక గానీ పనీపాటా లేని ఆ పెద్దాయన గుర్తుకు రాలేదు.

ఒక మధ్యాహ్నం నేనింకా ఆ కుర్చీలో ఉండగానే అక్క ఫోను చేసింది. ఇల్లు దొరికింది, హాస్టలు వెనక వీధిలో, ఇస్త్రీ షాపు వెనక భాగం, రెండు గదులు, మెట్లు లేవు. షాపు నడిపే ఆవిడదే ఇల్లు. రేపు చూడ్డానికి ఇంకెవరో వస్తున్నారట, మొహమాటం లేకుండా చెప్పిందట, ఇవాళ సామాను దిగితే ఇల్లు మీది అని. వ్యాను తీసుకుని గోడౌన్‌కి రా అంది. నేనిక్కడే ఉన్నానని చెప్పలేదు.

అక్క ఆటోలో వచ్చింది, డ్రైవరు కూలీలతో వ్యాను తెచ్చాడు. మేనేజరావిడ, చీకటి పడితే గేటు మూసేస్తానని ముందే చెప్పింది. అక్క తాళం తీసింది. షట్టరు పైకి లేచింది.

ఎదురుగా తాళ్ళ పెట్టె. దాని పక్కన కాలు విరిగిన కుర్చీ, పని చెయ్యని గడియారం, తాళాల్లేని తాళంచెవుల డబ్బా, షోకేసు, స్టూలు, పాత పెట్టెలు ఒకదాని మీద ఒకటి కప్పు దాకా. ఈ పూట కావలసినది ఒక్కటంటే ఒక్కటి లేదు. మంచాలు ఎక్కడో వెనక గోడ దగ్గర, ఈ చెత్తంతటి వెనకాల ఉన్నాయి.

డ్రైవరు తల గోక్కున్నాడు. "గురువుగారూ, ఇదేంటి? మొత్తం తిరగేసి పెట్టారు" అన్నాడు.

నేను వెంటనే అందుకున్నాను. వ్యాన్లో చివర ఎక్కినవి ముందు దిగుతాయి, ముందు దిగినవి లోపలికి పోతాయి, లెక్క ప్రకారం అంతే అన్నాను. ఆ రోజు ఎండ మండిపోయిందన్నాను. కూలీలు కొత్తవాళ్ళన్నాను. ఆ కూలీలు పక్కనే నిలబడి ఉన్నారు.

"గోడౌన్ పనైతే మంచాలు పక్కకి దించి పెట్టి, అన్నీ అయ్యాక చివర్న లోపలికి తొయ్యమని మీరే కదండీ నేర్పారు మాకు" అన్నాడు డ్రైవరు. ఎకసెక్కం కాదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు.

వందల గోడౌన్ పనులు చేసి ఉంటాను, ఒక్కసారీ ఈ తప్పు జరగలేదు. మనిషి దేన్ని మళ్ళీ వాడననుకుంటాడో దాన్నే అంత లోపలికి తోస్తాడు. ఇంటాయన కొడుకుని నేనే ఓదార్చాను, వీధి జనం ముందు నడుముకి తువ్వాలు చుట్టాను, అక్క నాలుగు రోజులంటే నవ్వాను. నా చేతులు మాత్రం ఇంక మాకు ఇల్లు లేదని అప్పుడే తేల్చుకుని, మంచాలని గోడకి చేర్చేశాయి. ఆ సంగతి నాకు షట్టరు లేచాక తెలిసింది.

అక్క వైపు చూడలేకపోయాను. ఆవిడే దగ్గరికి వచ్చింది.

"నేను ఆ రోజే చూశాన్రా" అంది, డ్రైవరుకి వినబడకుండా. "ఇన్నేళ్ళూ అన్నం ముందు కూచోబెట్టి వినిపించావుగా. మంచాలు లోపలికి పోతుంటేనే అర్థమైంది, వీడింక ఆశ వదిలేశాడని."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేస్తావు? అంతా దింపించి మళ్ళీ ఎక్కిస్తావు. నడుం పట్టేస్తుంది. అంతకంటే ఇల్లు వెతకడమే తేలికనిపించింది."

ఆ సాయంత్రమే హాస్టలు మంచం కింద సూట్‌కేసు పెట్టి వీధిలోకి వెళ్ళిందట. కనబడిన ప్రతి గుమ్మంలో అడిగిందట. ఇస్త్రీ షాపామె మొదట ఇవ్వననే అంది. ఈవిడ రోజూ ఒక చీర పట్టుకుని వెళ్ళేది, ఆ చీరే మర్నాడు నలిపి మళ్ళీ తీసుకెళ్ళేది. హాస్టల్లో సూట్‌కేసు విప్పావా అని అడిగాను. ఎందుకు విప్పడం, మళ్ళీ సర్దాలిగా అంది.

నేను తల పక్కకి తిప్పుకుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. దుమ్ము అన్నాను. అవును, నీ దుమ్మేగా అంది అక్క.

అన్నీ బయటికి తీయించాం. గోడౌను ముందు నా సంసారం మొత్తం నేల మీద పరుచుకుంది. కాలు విరిగిన కుర్చీనీ గడియారాన్నీ తాళంచెవుల డబ్బానీ అక్కడే పక్కన పెట్టించి, తాళ్ళ పెట్టె దగ్గరికొచ్చేసరికి ఆగాను. ఉంచుకోలే అంది అక్క. మిగతావన్నీ ఎక్కాక పొయ్యి, బకెట్లు, కంచాల బుట్ట, మడత బల్ల, ఆ తర్వాత మంచాలు. అన్నిటికన్నా చివర స్టూలు ఎక్కించాను. మేనేజరావిడ నేను కూర్చున్న కుర్చీ మడిచి లోపల పెట్టేసుకుంది.

కొత్తింటి ముందు స్టూలు మొదట దిగింది. అక్క దాన్ని గుమ్మం పక్కన వేయించుకుని ఎక్కి కూర్చుని, అది ఇటు, ఇది అటు అని లైన్లు కలపడం మొదలుపెట్టింది. తర్వాత మంచాలు దిగాయి. నేను నాది లోపలి గదిలో వేసి, పానా తీసుకుని బోల్టులు బిగిస్తున్నాను. ఇస్త్రీ షాపామె ఇంకా వేడిగా ఉన్న చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, మధ్య గోడ పలచనిదనీ రాత్రిళ్ళు ఎవరైనా గురక పెడతారా అనీ అడిగింది. తమ్ముడు పెడతాడు, నాకైతే అలవాటైపోయింది అంది అక్క. ఆవిడ నవ్వి, అడగాల్సింది ఇంకొకటుంది అన్నట్టు ఆగింది.

"ఎన్నాళ్ళుంటారమ్మా?"

"నాలుగు రోజులు" అంది అక్క.

ఇస్త్రీ షాపామె కంగారుగా గదిలోకి, నా వైపు చూసింది. ఆవిడకి తర్వాత చెప్పొచ్చులే అని నేను మంచం బోల్టు ఇంకో చుట్టు బిగించాను.